రెండు వందల బార్ల గాలి, ఒక గ్రాము నీళ్లు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం అర మిల్లీమీటరు. దాని మీదికి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను తోసేది మందుగుండు కాదు, బ్యారెల్ కింద బిగించిన చిన్న సిలిండర్‌లోని గాలి. ఆ గాలిని 200 బార్ల దాకా కుక్కుతారు. ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. కాబట్టి రెండు వందల లీటర్ల గాలి ఒక లీటరు చోటులోకి ఇరుకుతుంది. గాలితోపాటు అందులోని తేమా లోపలికి పోతుంది. పోయాక అదేం చేస్తుందన్న దాని మీద రేంజిల్లో రెండు వర్గాలున్నాయి. ఒక వర్గానికి గురి తప్పిన ప్రతి గుండుకీ తేమే కారణం. రెండో వర్గానికి తేమ అనేది ఫిల్టర్లు అమ్ముకునేవాళ్లు పుట్టించిన భయం.

ఆ రెండు వర్గాలనీ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు విశాఖపట్నంలో డైవింగ్ సిలిండర్లు నింపే కంప్రెసర్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్. ఇంకొకరు ఆయన అన్న కూతురు, హైదరాబాద్‌లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పే కోచ్. మనుషులిద్దరూ నా కల్పనే. అంకెలు మాత్రం కల్పన కావు, ఎవరైనా కాగితం మీద వేసి సరిచూసుకోవచ్చు.

కోచ్: ముందే చెప్తున్నా బాబాయ్. మా పిల్లలు ఇళ్లలో హ్యాండ్ పంప్‌తోనే గాలి పడతారు. ఏళ్లుగా పడుతున్నారు. ఒక్క సిలిండర్ కూడా నీళ్లు కక్కలేదు. మీ వైజాగ్‌లో ఉక్కపోత, ఉప్పుగాలి. మా దగ్గర మే నెలలో ఉతికిన గుడ్డలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతాయి. నీ భయాలు సముద్రం ఒడ్డునే ఉంచుకో.

బాబాయ్: గుడ్డలు ఆరితే గాలిలో నీళ్లు లేవని ఎవరు చెప్పేరమ్మా? వేడి గాలి ఎక్కువ నీళ్లు మోయగలదు. ఇంకా మోసే సత్తా ఉంది కనక నీ గుడ్డల్లోది కూడా లాక్కుంటుంది. మే నెలలో మీ దగ్గర నలభై డిగ్రీలు, తేమ పాతిక శాతం అనుకో. ఘనపు మీటరు గాలిలో పదమూడు గ్రాముల దాకా నీళ్లుంటాయి. మా ఆగస్టులో ముప్పై డిగ్రీలు, ఎనభై శాతం. ఇరవై నాలుగు గ్రాములు. మీది మాదాంట్లో సగం. సున్నా కాదు. వానలు పడ్డాక మీ ఆగస్టు ఏటి తక్కువ తింది? ఇరవై ఏడు డిగ్రీలు, ఎనభై శాతం అంటే ఇరవై గ్రాములు దాటుతుంది.

కోచ్: సరే, ఘనపు మీటరుకి. మా రైఫిల్ సిలిండర్ ఘనపు మీటరా? 200 సీసీకి అటూ ఇటూ ఉంటుంది.

బాబాయ్: రెండు వందల సీసీని రెండు వందల బార్లకి నింపితే ఎంత గాలి పట్టింది? నలభై లీటర్లు. మా ఊళ్లో అయితే ఆ నలభై లీటర్లలో ఒక గ్రాము నీళ్లు. మే నెలలో మీ ఊళ్లో అర గ్రాము. గ్రామంటే ఇరవై చుక్కలు. మేం నింపే పన్నెండు లీటర్ల డైవింగ్ సిలిండర్ అయితే 2,400 లీటర్ల గాలి. యాభై ఎనిమిది గ్రాములు. నాలుగు పెద్ద చెంచాల నీళ్లు.

కోచ్: నీళ్లు అంటావేంటి బాబాయ్, ఆవిరి అను. నలభై లీటర్ల గాలీ లోపలే ఉంది కదా, దాంతోపాటు వచ్చిన ఆవిరిని అదే మోస్తుంది. బయట మోసిన గాలి లోపల ఎందుకు మోయలేదు?

బాబాయ్: అందరూ పడేది ఇక్కడేనమ్మా. ఇందాక నేనూ మోస్తుందనే అన్నాను గానీ, నిజానికి ఆవిరిని గాలి మొయ్యదు. ఆవిరికి కావలసింది చోటు. ఆర్టీసీ బస్సులో జనాన్ని ఫుట్‌బోర్డు దాకా కుక్కొచ్చు గానీ సీట్లు పెరగవు కదా. గాలి నిలబడి ప్రయాణం చేస్తుంది, ఆవిరికి సీటుండాలి. ముప్పై డిగ్రీల దగ్గర లీటరు చోటుకి ముప్పై మిల్లీగ్రాముల ఆవిరే సీటు. ఆ లీటరులో ఒక బార్ గాలి ఉన్నా, రెండు వందల బార్లున్నా అంతే. నీ 200 సీసీలో పట్టేది ఆరు మిల్లీగ్రాములు. వచ్చింది వెయ్యి. మిగతా తొమ్మిది వందల తొంభై నాలుగూ ఎక్కడికి పోవాలి? గోడకి అంటుకుని నీరైపోతాయి.

కోచ్: అయితే మ్యాచ్ అయ్యేసరికి పోతాయిలే. డెబ్బై ఐదు నిమిషాల్లో అరవై షాట్లు, దానికి ముందు ప్రాక్టీసు షాట్లు. గాలి బయటికి పోతుంటే తేమా దాంతోనే పోతుంది.

బాబాయ్: పోదమ్మా. ఆవిరైంది మాత్రమే గాలితో పోతుంది. నువ్వు రెండు వందల నుంచి వంద బార్ల దాకా కాల్చేవనుకో. అంత గాలితో పోయే ఆవిరి నాలుగైదు మిల్లీగ్రాములు. మళ్లీ వంద నుంచి రెండు వందలకి పంపు కొట్టేవు. ఇంకో అర గ్రాము వచ్చి చేరింది. పోయేది మిల్లీగ్రాముల్లో, వచ్చేది వందల మిల్లీగ్రాముల్లో. సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ చెయ్యకండా పైపైన నింపుకుంటూ పోయేవాళ్లకి నీరు కూడుతూనే ఉంటుంది.

కోచ్: ఆగు. నీ లెక్కలో ఒక కిటుకు ఉంది. బయటి గాలిలో ఉన్న నీళ్లన్నీ సిలిండర్‌లోకే వచ్చాయని పట్టుకున్నావు. పంపు ఏం చేస్తున్నట్టు? మాది మూడు దశల్లో నొక్కే పంపు. నింపడం అయ్యాక కింద బ్లీడ్ స్క్రూ విప్పితే బుస్సుమని తెల్లటి పొగ వస్తుంది, కాళ్ల మీద చల్లగా తుంపర పడుతుంది. ఆ నీళ్లు సిలిండర్ దాకా పోలేదు కదా? నీ గ్రాములో ఎంత పంపులోనే ఆగిపోయిందో చెప్పు. తెలియదు. తెలియనప్పుడు గ్రాము గ్రాము అని మా పిల్లల్ని బెదరగొట్టకు.

ఇక్కడ నేను కోచ్ పక్షం. తేమ మీద వచ్చే రాతల్లో సగం ఈ తప్పే చేస్తాయి. బయటి గాలిని కొలిచి, దాన్ని రెండు వందలతో హెచ్చవేసి, సిలిండర్‌లో చెరువు ఉందని తేల్చేస్తాయి. బయటి గాలికీ సిలిండర్‌కీ మధ్య ఒక యంత్రం ఉంది. అసలు కథంతా ఆ యంత్రంలో గాలి ఎంత వేడిగా ఉందన్న దాని మీద నడుస్తుంది. మెకానిక్‌కి ఆ సంగతి తెలుసు. కావాలనే ముందు చెప్పలేదనుకుంటా.

బాబాయ్: బాగా అడిగేవు. ఆ తుంపర చూసే నీకు తెలియాలి. నొక్కినప్పుడు గాలి కాలిపోతుంది, పంపు గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేడి గాలిలో సీట్లెక్కువ. నీరు ఆవిరిగానే ఉండి, పంపు దాటి, గొట్టం దాటి, చల్లగా ఉన్న సిలిండర్‌లోకి పోయి అక్కడ నీరవుతుంది. అదే గాలిని సిలిండర్‌కి ముందే చల్లార్చేవనుకో, నీరు ముందే రాలిపోతుంది. తీసి పారెయ్యొచ్చు. లెక్క చెప్తాను. రెండు వందల బార్ల దగ్గర గాలిని నలభై డిగ్రీలకి చల్లార్చి నీటిని వేరుచేస్తే, ఘనపు మీటరు గాలికి మిగిలేది పావు గ్రాము. ఇరవై నాలుగు గ్రాముల్లోంచి! ఏ మందూ అక్కర్లేదు, ఏ గుళికలూ అక్కర్లేదు. అదే డెబ్బై డిగ్రీల దగ్గర వదిలేసేవనుకో, గ్రాము మిగిలిపోతుంది. నాలుగింతలు. ఫిల్టర్ మంచిదా కాదా అని కొట్టుకుంటారు గానీ, ఫిల్టర్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో ఎవడూ చెయ్యిపెట్టి చూడడు.

కోచ్: అంటే మా పిల్లలు ఆగి ఆగి కొడితే చాలన్నమాట.

బాబాయ్: ఆగి కొట్టాలి, ఆగినప్పుడల్లా బ్లీడ్ విప్పాలి. నింపడం అయ్యాక ఒక్కసారి విప్పితే ఏం లాభం? అప్పటికే పోవలసింది పోయింది. యాభై సార్లు కొట్టి, బ్లీడ్ చేసి, గొట్టం చల్లారేదాకా కబుర్లు చెప్పుకోమను. ఆగుతారా?

కోచ్: ఆగరు. బాటిల్ తీసుకుని నీళ్లు తాగేంతసేపు కూడా ఆగరు. అందుకే కదా క్లబ్ వాళ్లు కరెంటు కంప్రెసర్ కొన్నారు. క్లబ్‌లో పంపు గొడవే లేదిప్పుడు. బకెట్‌లో నీళ్లు, అందులో చిన్న మోటారు, ఆ నీళ్లు తిరిగి సిలిండర్ హెడ్‌ని చల్లబరుస్తాయి. ఆదివారం పొద్దున బకెట్‌లో ఐసు ముక్కలు కూడా వేస్తాం.

బాబాయ్: ఐసు వేసేది మిషను కాలిపోకండా. నీళ్లు రాలడానికి కాదు. హెడ్ చల్లబడినంత మాత్రాన అందులోంచి వచ్చే గాలి చల్లారిపోదు. దాని తరవాత ఎంత గొట్టం ఉంది? జానెడు. ఆ జానెడులో గాలి ఏటి చల్లారుతుంది? మా పెద్ద కంప్రెసర్లలో దశ దశకీ మధ్య ఒక రాగి గొట్టపు చుట్టో, స్టీలు గొట్టపు చుట్టో ఉంటుంది. దాని మీద ఫ్యాను. ప్రతి చుట్ట తరవాతా నీరు రాలే సెపరేటర్. మీ డబ్బా మిషనుకి దూది పెట్టిన గొట్టం ఒక్కటి. అందులో దూది ఎప్పుడు మార్చేరు?

కోచ్: మారుస్తాం.

బాబాయ్: ఎప్పుడు?

కోచ్: గోధుమరంగుకి తిరిగినప్పుడు.

బాబాయ్: అది నూనె రంగమ్మా. నీటికి రంగు లేదు. దూది తడిసి ముద్దైనా తెల్లగానే ఉంటుంది. మా షెడ్డుకి వచ్చినప్పుడు డ్రెయిన్ వాల్వ్ నువ్వే తిప్పు. ముందు చీదినట్టు నాలుగు చుక్కలు పడతాయి. తరవాత పాలు ఎక్కువైన టీ రంగులో నురగ. నూనే నీరూ కలిసి చిలికినట్టయిపోయి వస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన నూనె వాసన. పది పదిహేను నిమిషాలకోసారి అది తియ్యకపోతే తరవాతున్న గుళికల్లోకి ఎక్కుతుంది. గుళికలు ఎంత ఖరీదైనవైనా అప్పుడు బూడిదతో సమానం. పంక్చర్ షాపు కుర్రాడికి కూడా తెలుసు, టాంకీ అడుగున కాక్ విప్పితే తుప్పు నీళ్లొస్తాయని. వాడిది ఎనిమిది పది బార్లు. మీది రెండు వందలు.

కోచ్: గుళికలంటే సిలికా జెల్ కదా. మేం కంప్రెసర్ గాలి పీల్చే చోట పెద్ద డబ్బా నిండా పెట్టాం. నీలం రంగు గులాబీ అవగానే మారుస్తాం. లోపలికి పోయే గాలే పొడిగా ఉంటే తరవాత రాలడానికి ఏముంటుంది?

బాబాయ్: తప్పని అనను. కానీ ఇరవై నాలుగు గ్రాములూ ఆ డబ్బాయే తాగాలి. చల్లార్చితే ఊరికే రాలిపోయే నీళ్లకి నువ్వు డబ్బులు పెట్టి మందు తాగిస్తున్నావు. మా ఊళ్లో వానాకాలం ఆ డబ్బా ఎన్నాళ్లు ఆగుతుంది? గుళికలు ఉండవలసింది అటువేపు. నొక్కి, చల్లార్చి, నీరు రాల్చేక మిగిలిన పావు గ్రాముని తియ్యడానికి. అక్కడ సిలికా జెల్ కంటే మాలిక్యులర్ సీవ్ మేలు. తేమ బాగా తగ్గిపోయిన గాలిలోంచి కూడా గీరి తీస్తుంది. కానీ దానికో పొగరుంది. సిలికా జెల్‌ని నూట ఇరవై డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టుకోవచ్చు. సీవ్ ఆరాలంటే 250, 300 డిగ్రీలు కావాలి. ప్యాకెట్ విప్పి రాత్రంతా బల్ల మీద వదిలేసేవనుకో, తెల్లారేసరికి మా ఊరి గాలే దాని కడుపు నింపేస్తుంది. ఆ గుళికలు ఫిల్టర్‌లో పోసి, కొత్తవి వేశాం అని సంతోషపడతారు.

కోచ్: మిషనుతోపాటు ఫిల్టర్ గొట్టం కూడా ఒకటి ఇచ్చారు, అందులో సీవే ఉందట.

బాబాయ్: దాని తరవాత ఒత్తిడి నిలిపే వాల్వ్ ఉందా? ఉండదు. మీ ఖాళీ సిలిండర్ యాభై బార్ల దగ్గర ఉందనుకో. మిషను ఆన్ చెయ్యగానే ఫిల్టర్‌లో కూడా యాభై బార్లే ఉంటాయి. యాభై బార్ల దగ్గర గాలి నలభై డిగ్రీలకి చల్లారినా ఘనపు మీటరుకి గ్రాము ఆవిరి మిగిలిపోతుంది. అంటే రెండు వందల బార్ల దగ్గర డెబ్బై డిగ్రీల్లో వదిలేసినదానితో సమానం. ఆ వాల్వ్ ఉంటే సిలిండర్ ఖాళీగా ఉన్నా ఫిల్టర్‌లో మాత్రం నూట యాభై బార్లు దాటాకే గాలిని వదుల్తుంది. మొదటి నిమిషం గాలి కూడా పొడిగా వస్తుంది. చిన్న ఇత్తడి ముక్క. దాని కోసం ఎవరూ డబ్బు పెట్టరు, ఎందుకంటే అది కళ్లకి కనపడదు.

కోచ్: ఇవన్నీ డైవింగ్ గాలికి అవసరం. మనిషి పీల్చేది. మాది పెల్లెట్‌ని తోసే గాలి. యూరప్ వాళ్ల శ్వాస గాలి ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం 200 బార్ల సిలిండర్‌లో ఘనపు మీటరుకి యాభై మిల్లీగ్రాముల నీరు మించకూడదు. నిజమే. రైఫిల్‌కి కూడా అదే కావాలని ఎక్కడ రాసుంది?

బాబాయ్: ఎక్కడా రాసిలేదు. కానీ యాభై ఎందుకు పెట్టేరో చూడు. ఆ గాలిని రెండు వందల బార్లలో ఉంచితే సుమారు పదకొండు డిగ్రీల దాకా చల్లబడినా చుక్క నీరు రాలదు. మీ హాలు ఎప్పుడైనా పదకొండు డిగ్రీలకి దిగుతుందా? డిసెంబరు రాత్రి తలుపులు తీసి ఉంటే తప్ప దిగదు. అంటే లోపల తడి అన్నదే ఉండదు. నాకు కావలసింది అదే. పీల్చడానికా, పేల్చడానికా అని లోహం అడగదు.

కోచ్: లోహం సంగతి తరవాత. స్కోరు సంగతి చెప్పు. మా పిల్లలు వచ్చేది స్కోరు కోసం. 2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కి ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో అమ్మానాన్నలు రైఫిల్ కొనిచ్చి పిల్లల్ని తీసుకొస్తున్నారు. పాయింట్ తగ్గితే ముందు తుపాకీని అనుమానిస్తారు. అందుకే లెక్క నేనూ వేసుకున్నా. పెల్లెట్ సెకనుకి నూట డెబ్బై మీటర్ల వేగంతో పోతుంది. పది మీటర్లు దాటేలోపు దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. ఆ జారుడు సైట్లలో ముందే సర్దేసి ఉంటాం. వేగం ఒక్క శాతం తగ్గితే ఇంకో మిల్లీమీటరులో మూడో వంతు కిందికి పోతుంది. స్కోరులో పదో వంతు పాయింట్ విలువ పావు మిల్లీమీటరు. కాబట్టి ఒక్క శాతం వేగం అంటే పదో వంతు పాయింటుకి కాస్త ఎక్కువ. సిలిండర్ తడిగా ఉంటే వేగం ఒక్క శాతం మారుతుందా? వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూశా. మారదు. గాలిలో ఆవిరి వాటా ఎంతని? లక్షలో పాతికో ముప్పయ్యో వంతులు. పెల్లెట్‌కి దాని ఊసే తెలియదు.

బాబాయ్: ఆవిరి గురించి నువ్వన్నది నిజం.

కోచ్: మరి!

బాబాయ్: క్రోనోగ్రాఫ్ పెట్టినప్పుడు వరసగా కాల్చేవా, ఆగి ఆగి కాల్చేవా?

కోచ్: వరసగా.

బాబాయ్: రైఫిల్‌ని ఒక గంట ఊరికే పెట్టి, తరవాత మొదటి షాట్ కొలువు. సిలిండర్‌లోని రెండు వందల బార్లని తగ్గించి, ఒకే ఒత్తిడి దగ్గర నిలబెట్టేది రెగ్యులేటర్. దాని లోపల గిన్నెల్లా వంగిన స్ప్రింగ్ వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ఒక చిన్న సీటు మీద పిస్టన్ వచ్చి మూసుకుంటుంది. ఆ సీటు మీద తుప్పు రేణువు ఒక్కటి పడితే చాలు, పూర్తిగా మూసుకోదు. గాలి సన్నగా కారుతూ అవతల ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. నువ్వు వరసగా కాలిస్తే పెరగడానికి టైము ఉండదు, అన్నీ ఒకేలా వస్తాయి. ఊపిరి బిగబట్టి, దింపి, మళ్లీ ఎత్తి, రెండు నిమిషాలు ఆలోచించి కాల్చిన షాట్ మాత్రం పైకి పోతుంది. పిల్ల తన చెయ్యే తప్పనుకుని ఏడుస్తుంది.

కోచ్: ఆ లక్షణం నాకు తెలుసు. కానీ దానికి తేమే కారణమని ఎలా చెప్తావు? సీటు అరిగినా అదే. పెల్లెట్ల డబ్బాలోంచి వచ్చిన సీసపు పొడి పడినా అదే. ఎవరో తెలివైన నాన్న యూట్యూబ్ చూసి రెగ్యులేటర్ విప్పి, బండికి వాడే గ్రీజు పూసి, ఓ-రింగ్ ఉబ్బగొట్టి తెచ్చినా అదే. బాబాయ్, మా రేంజ్‌లో నీటివల్ల పాడైన రెగ్యులేటర్ల కంటే నీటికి భయపడి విప్పడంవల్ల పాడైనవే ఎక్కువ. తేమ తేమ అని నువ్వు ఒక గంట ఉపన్యాసం ఇస్తే, మర్నాడు పది రైఫిళ్లు బల్ల మీద ముక్కలై ఉంటాయి.

బాబాయ్: ఇంట్లో విప్పొద్దు. అది నేనూ చెప్తాను. నా మాట విప్పి తుడవమని కాదు, తడి లోపలికి పంపొద్దని.

కోచ్: ఇంకోటి. రూలు బుక్కే మా సిలిండర్లకి ఆయుష్షు పెట్టింది. కంపెనీ రాసిన గడువు దాటకూడదు, ఎంతైనా పదేళ్లే. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) పోటీల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ వాళ్లు ఆ తేదీ చూడొచ్చు. పదేళ్లకి ఎలాగూ పక్కన పెట్టేదానికి లోపల కొంచెం మరక పడితే ఏం కొంప మునిగింది?

బాబాయ్: తేదీ అన్నది పొడిగాలి నింపేవాడి కోసం రాసిందమ్మా. స్టీలు అయితే తుప్పు. అల్యూమినియం అయితే తెల్లటి పొడి. తుప్పు సమంగా పాకితే పరవాలేదు, గుంటలు పడితేనే ప్రమాదం. నీరు ఎక్కడ నిలుస్తుందో అక్కడే గుంట పడుతుంది. చిన్న సిలిండర్ మాట ఎలాగున్నా, దాన్ని నింపడానికి మీ మూల నిలబెట్టిన పెద్ద సిలిండర్ ఉందే, దానికి హైడ్రో టెస్టు ఎప్పుడయ్యింది?

కోచ్: మెడ మీద కొట్టి ఉంది. ఐదేళ్లు ఇంకా నిండలేదు.

బాబాయ్: టెస్టు ఎలా చేస్తారో తెలుసా? లోపల నిండా నీళ్లు పోసి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, ఎంత ఉబ్బిందో కొలుస్తారు. తరవాత నీళ్లు పారబోసి వేడి గాలితో ఆరబెట్టాలి. తొందరలో ఉన్నవాడు ఆరబెట్టకండా వాల్వ్ బిగించి ఇచ్చేస్తాడు. టెస్టు సర్టిఫికెట్ చేతిలో, నీళ్లు కడుపులో. అలాంటివి చూసేను. వాల్వ్ విప్పి సన్నటి లైటు దింపితే అడుగున ఎర్రటి వలయం.

(ఒక పక్క మాట. విశాఖ ఆర్కే బీచ్‌లో బెలూన్లు కొట్టే తుపాకులకి ఈ బాధలేవీ లేవు. వాటిలో గాలి నిలవ ఉండదు. బ్యారెల్ వంచినప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగే పిస్టన్‌ని తోసి గాలిని అప్పటికప్పుడు నొక్కుతుంది. ఉప్పుగాలికి పైన పట్టే తుప్పు తప్ప లోపల కూడే నీరు లేదు. నిలవ పెట్టినప్పుడే చిక్కంతా.)

కోచ్: అయితే నింపే గాలే మానేద్దాం. మా క్లబ్‌లో ఒకాయన ఆక్సిజన్ సిలిండర్ తెప్పిస్తానన్నాడు. ఆసుపత్రికి వెళ్లేది, పూర్తిగా పొడిగా ఉంటుంది, చవక...

బాబాయ్: ఆయన్ని కంప్రెసర్ గదిలోకి రానివ్వకు! వినమ్మా, ఇది వాదన కాదు. ఒత్తిడి ఉన్న ఆక్సిజన్‌కి నూనె, గ్రీజు తగిలితే నిప్పు అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. రైఫిల్ లోపల గ్రీజు ఉంది, రబ్బరు రింగులున్నాయి. వాల్వ్ తెరవగానే గాలి ఒక్కసారి దూకి వేడెక్కుతుంది. అప్పుడు పేలేది పెల్లెట్ కాదు. పొడిగా కావాలంటే నైట్రోజన్ ఉంది. పరిశ్రమలకి వచ్చేది చాలా పొడిగా ఉంటుంది, దేన్నీ మండించదు, తుప్పు పట్టించదు.

కోచ్: నైట్రోజన్ గురించి అడిగాం. ఇక్కడ దొరికే సిలిండర్ మామూలుగా నూట యాభై బార్లే. దాంట్లోంచి మా రైఫిల్‌లోకి వదిలితే రెండూ సమానమయ్యేదాకే ఎక్కుతుంది. మొదటి రోజు నూట నలభై అయిదు, వారం తిరిగేసరికి నూట పది. రెండు వందలు ఎప్పటికీ చూడం.

బాబాయ్: నీ రెగ్యులేటర్‌కి వందలోపు చాలు కదా. నూట నలభై ఉంటే మ్యాచ్ అయిపోదా?

కోచ్: అయిపోతుంది. కానీ పిల్లలకి గేజు ముల్లు రెండు వందల మీద ఉంటేనే ధైర్యం. నవ్వకు. మ్యాచ్ మధ్యలో ముల్లు వంక చూసే పిల్ల పదులు కొట్టలేదు. నీ లెక్కల్లో మనిషి లేదు బాబాయ్. నువ్వు సిలిండర్‌కి మెకానిక్‌వి, నేను దాన్ని పట్టుకున్న పిల్లకి కోచ్‌ని. ఒకప్పుడు మ్యాచ్ రైఫిళ్లు కార్బన్ డయాక్సైడ్‌తో నడిచేవి. ఇరవై డిగ్రీల దగ్గర యాభై ఏడు బార్లు, ముప్పై దగ్గర డెబ్బై రెండు. హాలు వేడెక్కితే షాట్ మారిపోయేది. ఆ బాధ తప్పించడానికే గాలి వచ్చింది. దాంతో పోలిస్తే నీ గ్రాము నీళ్లు నాకు పెద్ద శత్రువులా కనపడట్లేదు. ఆదివారం పది మంది క్యూలో ఉంటే, ఒక్కొక్కరికీ మధ్య ఇరవై నిమిషాలు మిషను చల్లారనివ్వమంటే, ఆఖరివాడి వంతు మధ్యాహ్నానికి వస్తుంది.

బాబాయ్: పది మందికీ ఆదివారమే ఎందుకు నింపాలి? శనివారం సాయంత్రం తీరిగ్గా పెద్ద సిలిండర్ నింపుకో. మిషను ఆపుతూ, డ్రెయిన్ తీస్తూ, గొట్టానికి ఫ్యాను పెట్టి. రాత్రంతా నిలబెట్టి ఉంచు. మిగిలిన నీరేదైనా ఉంటే అడుక్కి చేరుతుంది. పొద్దున వాల్వ్ పైకి ఉన్నట్టే, కదపకండా, సన్నగా ఒక్కో రైఫిల్‌లోకి వదులు. మిషను సంగతి పిల్లలకి తెలియను కూడా తెలియదు. క్యూ అలా ఒక్క గంటలో అయిపోతుంది. కంగారుపడి ఒక్కసారి తిప్పేస్తే రైఫిల్ సిలిండర్ వేడెక్కి ముల్లు రెండు వందలు చూపిస్తుంది, చల్లారేక నూట ఎనభై. నీ పిల్ల ధైర్యం అక్కడ పోతుంది.

కోచ్: శనివారం పద్ధతి బాగుంది. అది చేస్తాను. పెద్ద సిలిండర్ మాట ఒప్పుకున్నా. హ్యాండ్ పంప్ మాత్రం ఒప్పుకోను. ఇళ్లలో పిల్లలకి అదొక్కటే దారి, దాన్ని మానిపించను. నువ్వు చెప్పిన గ్రాము వాళ్ల సిలిండర్లలో ఉందని నాకు నమ్మకం లేదు.

బాబాయ్: నమ్మొద్దు. తూచు. రెండు వందల బార్ల గాలి బరువే నలభై ఎనిమిది గ్రాములు, అందులో ఒక గ్రాము తేలదు. గాలంతా తీసేసి తూచు. ఖాళీ సిలిండర్‌లో మిగిలే గాలి పావు గ్రాము. తరవాత వాల్వ్ కిందికి పెట్టి, నీరు కారనిచ్చి, వెచ్చటి పొడి గదిలో రెండు రోజులు తెరిచి ఉంచి మళ్లీ తూచు. తేడా ఎంతో అంత నీరు. పాయింట్ సున్నా ఒకటి చూపించే తక్కెడ కంసాలి దగ్గర ఉంటుంది.

కోచ్: మూడు సిలిండర్లు తెస్తా. ముగ్గురూ ఏడాదిగా హ్యాండ్ పంపే వాడుతున్నారు. మొదటిసారి గాలి తీసేటప్పుడు వాల్వ్ ఎటు ఉండాలి?

బాబాయ్: పైకి. కిందికి పెట్టి తీసేవనుకో, ఉన్న నీరంతా తుంపరై పోతుంది, తూకంలో ఏమీ లేదని నువ్వు గెలుస్తావు. సన్నగా, అరగంట పట్టేలా వదులు. గబుక్కున వదిల్తే సిలిండర్ చల్లబడి పైన చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ కూడా తూకంలోకి వచ్చి నేను గెలుస్తాను.

కోచ్: చెమ్మ తుడిచి, గది వేడికి వచ్చేదాకా ఆగి తూస్తా. మూడింట్లో రెండు సిలిండర్లలో అర గ్రాము దాటితే పంపు దగ్గర బ్లీడ్ రూలు పెడతా, యాభై సార్లకి ఒకసారి. దాటకపోతే?

బాబాయ్: దాటకపోతే మీ మిషనుకి ఆ ఇత్తడి వాల్వ్ నా డబ్బుతో కొని వేస్తాను.

కోచ్: అదేంటి, ఓడిపోయినా నీ వాల్వే మా మిషనుకి ఎక్కుతుందా?

బాబాయ్: పంపు సంగతి పంపుది, మిషను సంగతి మిషనుది. సిలిండర్లు ఎప్పుడు పంపుతావు?

కోచ్: పంపను, నేనే తెస్తా. తూకం నా ఎదురుగా జరగాలి.